గంజి దించని బట్ట

నేను రిటైరవడానికి వారం ముందు, నా స్థానంలోకి వచ్చిన హారిక అనే అమ్మాయి నా టేబులు దగ్గరికి వచ్చింది. "సార్, మీకు తెలిసిన పనంతా ఒక పుస్తకంలో రాసిపెట్టండి. మాలాంటి వాళ్లకు పనికొస్తుంది" అంది. నేను పొంగిపోతూ ఉండగానే, "ఫిర్యాదులు వద్దు సార్, పని ఒక్కటే రాయండి" అని కూడా అంది.

ఆ రెండో మాట నేను మర్చిపోలేదు. అలాంటివి మర్చిపోవడం నాకు చేతకాదు. నన్ను ఎవరు, ఎప్పుడు, ఎవరి ముందు తక్కువ చేశారో రాసుకునే నోటుబుక్కు ఒకటి నా సొరుగులో ఎప్పుడూ ఉండేది. ప్రతి అవమానం కింద 'జవాబు ఇవ్వవలెను' అని రాసి గీత గీసేవాణ్ణి. మా ఆవిడ సుశీల ఆ పుస్తకం చూసినప్పుడల్లా, "ఉప్పు తెమ్మంటే పప్పు తెస్తారు. మా పిన్ని కూతురి పెళ్లిలో మీకు రెండోసారి గారె వడ్డించలేదన్న సంగతి మాత్రం గుర్తుంటుంది" అంటుంది. వడ్డించలేదు మరి. అడిగాను కూడా.

కాబట్టి ఫిర్యాదులు తీసేసి రాయడం నా వల్ల కాదు. తీసేస్తే నా ఉద్యోగంలో మిగిలేది టీ, క్యారేజీ. కానీ హారిక భయపడనక్కర్లేదు. ఇందులో అన్నిటికంటే పెద్ద ఫిర్యాదు నా మీదే. నా మొండితనం వల్ల ఒక నేతగాడి నాలుగు మగ్గాలు ఆగిపోయాయి. మళ్లీ ఆడాయా లేదా అన్నదే ఈ రాత.

గుడ్డ, జిగురు

విజయవాడ ఆటోనగర్‌లో బస్సులకు ఫైబర్ సామాను చేసే ఒక షెడ్డులో నేను ఇంజనీరుని. సీటు వెనక డిప్పలు, కిటికీల కింద పలకలు, డ్రైవరు ముందుండే డాష్‌బోర్డు, అన్నీ చేసేవాళ్లం. ఫైబర్ అంటే గట్టి ప్లాస్టిక్కు అనుకుంటారు చాలామంది. కాదు. అందులో ఉండేవి రెండే: ఒక గుడ్డ, ఒక జిగురు. గాజు దారాల గుడ్డను అచ్చు మీద పరిచి, రెజిన్ అనే జిగురు పూసి, గట్టిపడ్డాక ఊడదీస్తాం. బలం గుడ్డది, ఆకారం జిగురుది. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నంతసేపే అది వస్తువు. పట్టు వదిలితే గుడ్డ గుడ్డే, జిగురు జిగురే. నా ఉద్యోగమంతా ఈ ఒక్క వాక్యం. ఇది నాకు బాగా తెలుసని నేను అనుకునేవాణ్ణి.

గాజు గుడ్డతో బాధ ఏమిటంటే, దురద. కోస్తే కంటికి కనపడని నలుసులు లేస్తాయి. గుడ్డ పరిచే పనివాళ్లలో పెద్దవాడు మస్తాన్. ఇంటికి వెళ్లి రెండు స్నానాలు చేస్తే గానీ మనవరాలిని ఎత్తుకునేవాడు కాదు. అతని బట్టలు ఇంట్లో విడిగా ఉతికేవాళ్లు. మా యజమాని ప్రసాదు గారికి ఈ సంగతి తెలుసు. తెలిసి చాలా ఏళ్లు ఏమీ చేయలేదు. అది కూడా నోటుబుక్కులో ఉంది.

ఒకసారి ఆయన ఏదో ఎగ్జిబిషనుకు వెళ్లి, చేతిలో గోధుమ రంగు పలక ముక్కతో తిరిగొచ్చారు.

"రావు గారూ, వాసన చూడండి" అన్నారు.

చూశాను. తడి గోనెసంచి వాసన.

"నార అండీ! గాజు లేదు. గోగునార గుడ్డ, జీడిపిక్కల తొక్క నూనెతో చేసిన రెజిన్. మన చుట్టూ దొరికేవే. ఇది మనం చేయలేమా?"

"మస్తాన్‌కి దురద ఉండదు కదా" అన్నాను.

"మస్తాన్ సంగతి సరే, బస్సు వాళ్లు 'ప్రకృతి సీట్లు' అని బోర్డు పెట్టుకుంటారు" అన్నారాయన.

పిల్లలూ, ఇక్కడే ఒక మాట. మొక్క నుంచి వచ్చింది కాబట్టి మంచిదని ఎవరైనా అంటే, ఆముదం కూడా మొక్క నుంచే వస్తుందని చెప్పండి. నార నీళ్లు తాగుతుంది, బూజు పడుతుంది, నిప్పంటుకుంటుంది. జీడి రెజిన్ నల్లగా ఉంటుంది, తెల్లటి వస్తువు చేయలేరు. అది పూర్తిగా మొక్కదీ కాదు, దాన్ని గట్టిపరిచే మందు ఫ్యాక్టరీదే. ఇవన్నీ తెలిసి చేస్తే అది మంచి వస్తువు. గాజు కంటే తేలిక, కోస్తే ఒళ్లు మండదు, అరిగిపోయాక పారేయడానికి కొంత తక్కువ పాపం. అంతే. అంతకంటే ఎక్కువ చెప్పేవాడు అమ్మేవాడు.

అప్పడం

మొదట అరటి నారతో మొదలుపెట్టాం. కృష్ణా నది లంకల్లో అరటి బోదెలకు కరువు లేదు. నార తెచ్చి, ఎండలో ఒక పూట ఆరేసి, రెజిన్ పూసి, వేడి అచ్చులో నొక్కాను. అచ్చు తెరిచేసరికి పలక అప్పడంలా పొంగి ఉంది. నారలో దాక్కున్న తడి ఆవిరై, బయటికి దారిలేక బొబ్బలు లేపింది. అది వానాకాలం. మన గాలిలో ఆ రోజుల్లో ఉప్పు డబ్బానే చెమ్మగిల్లుతుంది, నార ఆరుతుందా?

"ఆరింది" అని నేను చేత్తో ముట్టుకుని చెప్పాను. మస్తాన్ పిడికెడు నార తీసి చెంపకు ఆనించుకుని, "చల్లగుంది సార్. తడుంది" అన్నాడు. నేను వినలేదు. ఇప్పటికీ నాకు తెలిసిన మంచి పరీక్ష అదే. చెంపకు చల్లగా తగిలితే అందులో నీళ్లున్నట్టు. ఆ తర్వాత తూకం వేసి, ఆరబెట్టి, మళ్లీ తూకం వేసి, బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టండి.

ఆరబెట్టడానికి మా దగ్గర పొయ్యి లేదు. వీధి చివర బేకరీ వాణ్ణి బతిమాలి, రొట్టెలు దించాక మిగిలే వేడిలో నార పెట్టించాను. నార బాగానే ఆరింది. కానీ ఆ పలకలకు చాలాకాలం బన్ను వాసన పోలేదు. ఈ బన్ను వాసన గుర్తుంచుకోండి. నా తెలివితక్కువతనానికి అది తర్వాత బాగా అక్కరకొచ్చింది.

మూట

విడి నారతో పలక ఒకచోట మందంగా, ఒకచోట పల్చగా వస్తోంది. నేసిన గుడ్డ కావాలి. ప్రసాదు గారు బందరు వైపు ఒక నేత ఊళ్లో నాగభూషణం అనే ఆయన్ని పట్టుకున్నారు. ఆయనకు నాలుగు మగ్గాలు. చీరలు నేసే మనిషి. గోగునార దారం ముతకది, చీరల మగ్గంలో పోగులు దూర్చే దువ్వెనలాంటి అచ్చులో దూరదు. నాలుగు మగ్గాలకూ అచ్చులు మార్పించాడు. చీరల పని ఇచ్చే షావుకారికి ఇక రానని చెప్పేశాడు. ఈ బట్ట నిలబడితే ఏడాది పొడుగునా పని. నిలబడకపోతే వెనక్కి వెళ్లడానికి చీరల పని ఉండదు. ఇదంతా నాకు ముందే తెలుసు. తెలియదని చెప్పుకోవడానికి లేదు.

మొదటి బట్ట వచ్చిన రోజు నేను షెడ్డు గేటు దగ్గర టీ తాగుతున్నాను. చొక్కా నిండా జీడి రెజిన్ మరకలు, చేతులు నల్లగా. ఆటో ఆగింది. సన్నటి మనిషి ఒకాయన దిగి, నా వైపు చూసి, "ఆ మూట కాస్త అందుకో బాబూ. కింద పెట్టమాక, నూనె మరకలంటతయ్. ఇంజనీరు గారెక్కడుంటారు?" అన్నాడు.

నేను మాట్లాడకుండా మూట భుజాన వేసుకుని లోపలికి నడిచాను. నిజం చెప్పొచ్చు కదా అంటారు. చెబితే వెంటనే అయిపోతుంది. నాకు అవమానం పూర్తిగా జరగాలి, అప్పుడే సాక్ష్యం గట్టిగా ఉంటుంది.

ప్రసాదు గారు ఎదురొచ్చి, "అదేంటి రావు గారూ, మీరు మోస్తున్నారు!" అన్నారు. మస్తాన్ పగలబడి నవ్వాడు. నాగభూషణం నాలుక కరుచుకున్నాడు.

"అయ్యయ్యో, మీరేనా అండీ! తప్పయిపోయింది బాబూ. ఆ చొక్కా చూసి..."

చొక్కా చూసి. అది కూడా రాసుకున్నాను.

బట్ట బల్ల మీద పరిచాం. చక్కటి నేత. ఆయన అంచు పట్టుకుని నాతో, "బాబూ, ఒక్క సంగతండి. నిలువు దారాలకి, అదే పడుక్కి, గంజీ నూనే పెట్టి నేస్తామండి. లేకపోతే మగ్గం మీద తెగిపోద్ది. అడ్డంపోగుకి ఏం పెట్టం. ఈ బట్ట చాకలి సోడాలో ఉడకేసి గంజి దించితే గానీ రంగే పట్టదండి, ఇంక మీ జిగురేం పట్టుద్ది? ఒక్కసారి ఉడకేసి, ఆరేసి వాడండి" అన్నాడు.

మస్తాన్ ఇంకా నవ్వు ఆపుకుంటున్నాడు. నేను, "మీ నేత సంగతి మీరు చూసుకోండి. రెజిన్ సంగతి నేను చూసుకుంటాను" అన్నాను.

ఆ సాయంత్రం నోటుబుక్కులో రాశాను: 'నాగభూషణము మూట మోయించెను. మస్తాన్ నవ్వెను. జవాబు ఇవ్వవలెను.'

నిలువు, అడ్డం

ఆ బట్టనూ బేకరీ పొయ్యిలోనే ఆరబెట్టి పలకలు చేశాం. చూడటానికి బాగున్నాయి. ఒక్కో పలక నుంచి నిలువుగా ఒక పట్టీ, అడ్డంగా ఒక పట్టీ కోసి, కొక్కేనికి కట్టి కింద బరువులు వేలాడదీశాం. అడ్డం పట్టీ బాగా మోసింది. నిలువు పట్టీ సగం బరువుకే విడిపోయింది. ఎన్నిసార్లు చేసినా అంతే.

విరిగిన చోటు చూస్తే కళ్లున్న ఎవరికైనా తెలుస్తుంది. అడ్డం దారాలు పటుక్కున తెగి, అంచు పీచుపీచుగా ఉంది. నిలువు దారాలు తెగనే లేదు. ఒరలోంచి కత్తి దూసినట్టు, నున్నగా, ఏమీ అంటుకోకుండా ఊడి వచ్చాయి. జిగురు ఆ దారాలను పట్టుకోలేదని ఆ పట్టీ అరిచి చెబుతోంది. నేను దాన్ని పక్కనపెట్టి, రెజిన్ అమ్మే కంపెనీకి నాలుగు పేజీల ఉత్తరం రాయడంలో మునిగిపోయాను. వాళ్లు వచ్చి, అదే రెజిన్‌తో గాజు గుడ్డ మీద పలక చేసి చూపించారు. బండలా ఉంది. పైగా ప్రసాదు గారు వాళ్లకు శాలువా కప్పారు. నాకు కప్పలేదు.

ఇంకొక సాక్ష్యం కూడా వచ్చింది. షెడ్డులో వదిలేసిన పలకలను బొద్దింకలు కొరికాయి. కొరికింది రెండు అంచులే, నిలువు దారాల కొసలు బయటికి కనిపించే అంచులు. మిగతా రెండూ ముట్టుకోలేదు. గంజి ఎక్కడుందో బొద్దింకలకు తెలిసింది. ఇంజనీరింగు చదివిన నాకు తెలియలేదు. బేకరీ పొయ్యిలో ఆరబెట్టినందువల్ల బన్ను వాసనకు వచ్చాయని తేల్చి, బేకరీ వాడితో పోట్లాడాను. అతను నాకు ఆ తర్వాత చక్కెర లేని టీ కూడా అప్పుగా ఇవ్వలేదు.

రెజిన్ తప్పు కాదు, నార తప్పు కాదు. నా తప్పు అవడానికి వీల్లేదు. ఇక మిగిలింది ఒక్కడే. కాగితం తీసి, 'నేత లోపం వలన బట్ట నిరాకరించడమైనది' అని రాసి సంతకం చేశాను.

మూడో రోజు నాగభూషణం వచ్చాడు. ఈసారి మూట లేదు, చేతిలో నా కాగితం.

"నేత లోపం అని రాశారండి. ఎక్కడుందో చూపించండి" అన్నాడు.

బట్ట బల్ల మీద పరిచి, వేలు పెట్టి ఈ కొస నుంచి ఆ కొసకు నడిపాడు. "ఒక్క పోగు తప్పుంటే చూపించండి. నేనే తగలబెట్టేస్తా."

నేను చూపించలేకపోయాను. "పరీక్షలో తేలింది" అన్నాను.

"ఉడకేశారాండి?"

నేను రెజిన్ డబ్బా మూత బిగించడం మొదలుపెట్టాను.

"ఒక్క మీటరు ఉడకేసి చూడండి బాబూ. నాలుగు మగ్గాలు దీనికోసం మార్పించా. షావుకారు నా పని ఇంకొకళ్లకి ఇచ్చేశాడు."

"నాకు పని నేర్పక్కర్లేదు" అన్నాను.

ఆయన బట్ట మడిచాడు. అంచుకు అంచు కలిపి, ఎక్కడా ముడత లేకుండా. కాగితం మాత్రం బల్ల మీదే వదిలేసి వెళ్లాడు. మేం మళ్లీ గాజు గుడ్డకు మళ్లాం. మస్తాన్ రెండు స్నానాలకు మళ్లాడు.

కొత్త తువ్వాలు

రెండు వానాకాలాలు గడిచాయి. ఒకరోజు పొద్దున స్నానం చేసి, సుశీల కొత్తగా కొన్న తువ్వాలుతో తుడుచుకుంటున్నాను. నీళ్లు ఒంటి మీద అటూ ఇటూ జారుతున్నాయి గానీ తువ్వాలు పీల్చడం లేదు. స్నానాల గదిలోంచే, "ఏ కొట్లో కొన్నావు? వాడికి ఉత్తరం రాస్తాను" అని అరిచాను.

వంటింట్లోంచి జవాబు వచ్చింది. "కొత్తది గంజితో ఉంటుంది. నానబెట్టి ఉతికితే గానీ నీళ్లు పట్టదు. ఆమాత్రం తెలియదా ఇంత వయసొచ్చి? ఇంజనీరంట!"

నేను తడి ఒంటితో అలాగే నిలబడిపోయాను. సుశీల రెండుసార్లు తలుపు కొట్టింది, పడిపోయానేమోనని.

నీళ్లే పట్టని చోట జీడి రెజిన్ పడుతుందా? ఈ సంగతి నాకు ఒకాయన చెప్పాడు, ఇంచుమించు ఇవే మాటల్లో, నా బల్ల దగ్గర నిలబడి, రెండుసార్లు.

నిరాకరించిన బట్టలో ఒక ముక్క షెడ్డులో కంప్రెసరు మీద కప్పి ఉంది. మస్తాన్ ఇంటి నుంచి బిర్యానీ డేగిసా తెచ్చాడు. దుమ్ము దులిపి, సోడా వేసి ఉడకబెట్టాం. నీళ్లు పల్చటి మజ్జిగలా మారాయి. మస్తాన్ వాసన చూసి, "సార్, సోడా లేకపోతే ఉల్లిపాయ నంజుకుని తాగొచ్చు" అన్నాడు. జాడించి, రెండు రోజులు ఆరేసి, చెంపకు ఆనించి చూసి, పలక చేశాం. నిలువు పట్టీకి బరువులు కడుతూ పోయాం. షెడ్డులో ఉన్న బరువులు చాలక మస్తాన్ వెల్డింగు షాపుకు వెళ్లి ఇనుప ముక్కలు తెచ్చాడు. చివరికి తెగినప్పుడు దారాలు తెగాయి. ఒక్కటీ ఊడి రాలేదు.

ప్రసాదు గారికి ఉత్తరం రాశాను: 'బట్టలో నేత లోపము లేదు. పరీక్షించినవాని లోపము.' ఆయన చదివి, "రావు గారూ, ఇన్నేళ్లలో మీరు రాసిన ఉత్తరాల్లో పొట్టిది ఇదొక్కటే" అన్నారు.

మూట ఇంజనీరు

ఆదివారం బస్సెక్కాను. ఉయ్యూరు దగ్గర చెరకు ట్రాక్టర్ల వెనక అరగంట ఆగాం. ఆ అరగంటా నేను చెప్పవలసింది కూడబలుక్కున్నాను. 'సాంకేతిక కారణాలు' అన్న మాట బాగుందనిపించింది.

నాగభూషణం ఇంట్లో నాలుగు మగ్గాల్లో రెండే ఉన్నాయి. వాటి మీద బియ్యం బస్తాలు. రెండు అమ్మేశారు. ఆయన బెజవాడలో బట్టల కొట్టులో పనికి కుదిరాడు. రోజూ పొద్దున బస్సులో వెళ్లి వస్తాడు. ఎవరో నేసిన చీరలు విప్పి చూపించి, మళ్లీ మడతపెట్టే పని.

ఆయన భార్య రత్తమ్మ నన్ను ఎగాదిగా చూసి, "మూట ఇంజనీరు గారు మీరేనా?" అంది.

ఆ ఇంట్లో నాకు అదే పేరని అప్పుడు తెలిసింది.

కుర్చీ వేశారు. నేను గొంతు సవరించుకుని, "అప్పుడు పరీక్షలో కొన్ని సాంకేతిక కారణాల వల్ల..." అని మొదలుపెట్టాను.

"కారణం నాకు ఆనాడే తెలుసండి" అంది రత్తమ్మ. "ఈయన ఇంటికొచ్చి మూట సంగతి చెప్పినప్పుడే అన్నా. ఇంజనీరు గారి చేత మూట మోయించి, బట్ట పాసవ్వాలంటే ఎట్టా అవుద్దయ్యా అని."

"ఊరుకోవే" అన్నాడు నాగభూషణం. నా వైపు తిరిగి, కాస్త సిగ్గుపడుతూ, "దాని మాట పట్టించుకోకండి. ఇప్పటికీ అదే అంటదండి. చదువుకున్న మనిషి, అంత చిన్నదానికి ఇంత పని చేస్తాడా అని నేను చెబుతానే ఉన్నా" అన్నాడు.

రెండేళ్లుగా ఆ ఇంట్లో నా తరఫున వాదించినవాడు ఆయనొక్కడే.

బస్సులో కూడబలుక్కున్నదేదీ నోటికి రాలేదు. "ఆవిడ చెప్పిందే నిజమండి" అన్నాను. "ఉడకేశాను. పట్టింది."

రత్తమ్మ లోపలికి వెళ్లి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి, నా చేతికి ఇవ్వకుండా పక్కన బల్ల మీద పెట్టింది. నాగభూషణం లేచి మగ్గం దగ్గరికి వెళ్లి, బస్తా మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"రెండే ఉన్నయ్" అన్నాడు. "ఒకటి షరతండి. ఉడకేసేది, ఆరేసేది నేనే. గంజి దించిన బట్టే మీకిస్తా. పరీక్ష నా ఎదురుగా చెయ్యాల."

సరేనన్నాను. కొట్టు పని ఆయన వెంటనే మానలేదు. నన్ను నమ్మి ఒకసారి ఉన్న పని వదులుకున్న మనిషి. మొదట రత్తమ్మ ఒక మగ్గం మీద కూర్చుంది. మూడు విడతల బట్ట పాసై, సీట్లు బస్సులో ఎక్కి, ఒక వానాకాలం గడిచాక ఆయన కొట్టు మానాడు. ఇప్పుడు ఆ రెండు మగ్గాలకూ ఖాళీ లేదు. అమ్ముడైన రెండూ తిరిగి రాలేదు. అవి ఎవరికి అమ్మారో కనుక్కున్నాను. కర్ర విడదీసి వాడేసుకున్నారట. దీనికి పరిహారం నాకు తెలియదు. తెలిస్తే హారిక చెప్పవచ్చు.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇదీ. గుడ్డ మీ చేతికి రాకముందు అది ఎవరి చేతుల్లో ఉందో, వాళ్లు దానికి ఏం పూశారో వెళ్లి అడగండి. కాగితం మీద దొరకదు. చెప్పేవాడు మిమ్మల్ని ఏమని పిలిచినా సరే, ముందు విషయం రాసుకోండి. అవమానం తర్వాత రాసుకోవచ్చు. అది ఎక్కడికీ పోదు, నాది పోయిందా?

గంజి దించిన బట్ట మొదటి విడత వచ్చిన రోజు మళ్లీ నేను గేటు దగ్గరే ఉన్నాను. ఈసారి ఉతికిన చొక్కా వేసుకుని, కావాలనే. ఆటో ఆగింది. నాగభూషణం దిగాడు. నేను ముందుకెళ్లి మూటకు చెయ్యి చాపాను.

ఆయన మూటను అవతలి భుజానికి మార్చుకున్నాడు. "మీరొద్దండి" అన్నాడు, ముఖంలో నవ్వు లేకుండా. "మీరు మోస్తే మళ్లీ ఫెయిలవుద్ది."

లోపల మస్తాన్ నవ్వు వినపడింది.

ఆ సాయంత్రం నోటుబుక్కు తీశాను. 'నాగభూషణము మూట ముట్టుకోనివ్వలేదు. మస్తాన్ నవ్వెను' అని రాశాను. అలవాటుగా కింద గీత కూడా గీశాను. 'జవాబు ఇవ్వవలెను' అని మాత్రం రాయలేదు.